పోటీలకు బయల్దేరే ముందు పిస్టల్ వెనక సైట్ ఒకసారి పట్టి చూడండి

జిల్లా పోటీల తేదీలు తెలియగానే మన విజయవాడ, గుంటూరు పిల్లలు ఎయిర్ పిస్టల్ పట్టుకుని తెగ ప్రాక్టీస్ చేస్తారు, డబ్బాలకు డబ్బాలు పెల్లెట్లు అయిపోతాయి. మంచిదే. కానీ వెనక సైట్, అంటే గురి చూడటానికి పిస్టల్ వెనక కొసన ఉండే గాడి ముక్క, గట్టిగా ఉందా, ఊగుతోందా అని చూసుకునేవాళ్లు తక్కువ. పోయిన వేసవిలో నాకూ అదే జరిగింది. గుండ్లన్నీ కుడికి పోతున్నాయని సైట్ జరిపే స్క్రూను ఎడమకు రెండు క్లిక్కులు తిప్పాను, అవి ఎడమకు పోయాయి, మళ్లీ కుడికి తిప్పాను, ఇలా ఒక పూటంతా గడిచింది, నా చెయ్యే బాగోలేదనుకుని చాలా టెన్షన్ పడ్డాను. సాయంత్రం గుడ్డతో తుడుస్తుంటే బొటనవేలి కింద సైట్ వెంట్రుకవాసి కదిలింది. సైట్ కూర్చునే దిమ్మను పట్టి ఉంచే స్క్రూ వదులైంది, అంతే.

వెంట్రుకవాసే కదా అనుకోకండి. పిస్టల్ మీద ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది, అంటే వెనక ఎంత కదిలితే అక్కడ దానికి 31 రెట్లు కదులుతుంది. పావు మిల్లీమీటర్ జరిగితే చాలు, దాదాపు 8 మిల్లీమీటర్లు, ఒక రింగు పోయినట్టే. టార్గెట్ నడిమధ్యనుండే పది రింగు మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు.

సైట్ మీద చెయ్యి వేసే ముందు పిస్టల్ ఖాళీ చెయ్యండి. చాంబర్ తెరిచి కళ్లతో చూడండి, వేలితో కూడా తడిమి చూడండి, బ్యారెల్‌లోంచి సేఫ్టీ ఫ్లాగ్ తీగ (ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) దూర్చి అవతలికి వచ్చేలా పెట్టండి, గాలి నింపే సిలిండర్ విప్పి పక్కన పెట్టండి, పెల్లెట్ డబ్బా ఆ బల్ల మీద ఉండనే కూడదు. "ఖాళీగానే ఉందిలే" అనే మాట నమ్మకండి, అన్నది మీ కోచ్ సార్ అయినా సరే. ఇంట్లో ఈ పని చేస్తుంటే చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పెట్టి వెనక సైట్‌ను అటూ ఇటూ, పైకీ కిందికీ మెల్లగా నొక్కి చూడండి. టక్ టక్ మని చప్పుడొచ్చినా, కదిలినట్టు అనిపించినా ముందు దిమ్మ స్క్రూలు చూడాలి, క్లిక్కుల జోలికి పోకూడదు. సరిగ్గా పట్టే అలెన్ కీ (ఎల్ ఆకారంలో ఉండే ఆరు పలకల కీ) మాత్రమే వాడండి, కొంచెం వదులుగా ఉన్నా తల అరిగిపోతుంది. దయచేసి దీన్ని ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకండి, లారీ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు, కానీ ఇది బియ్యపుగింజంత స్క్రూ, ఆ చేతి బలానికి మరలు కోసుకుపోతాయి. అలెన్ కీ పొడుగు కొసను స్క్రూలో పెట్టి, పొట్టి కొసను రెండు వేళ్లతో తిప్పండి. ఆగినచోట ఆపేయండి.

మళ్లీ మళ్లీ వదులవుతుంటే నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) వాడొచ్చు. మరల మీది నూనె పూర్తిగా తుడిచి, సూది మొన మీద నిలిచేంత చుక్క పెట్టి, ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. ఎర్రది మాత్రం వద్దు, అది ఊడాలంటే బాగా వేడి చెయ్యాలి, అంత వేడి పిస్టల్‌కి మంచిది కాదు. క్లిక్కులు తిప్పే స్క్రూలకు నీలం కూడా పెట్టకూడదు, అవి తిరగడానికే ఉన్నాయి. బిగించాక స్క్రూ తల మీదుగా దిమ్మ మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయండి. మా అక్క సీసాలోంచి తీసుకున్న ఎర్రరంగు గీత ఇప్పటికీ నా పిస్టల్ మీద ఉంది, గీత విరిగితే స్క్రూ తిరిగిందని చూడగానే తెలిసిపోతుంది.

ఇక సరిచెయ్యడం. గుండు ఎటు పోవాలో వెనక సైట్ అటే జరగాలి. చాలామంది తికమకపడేది స్క్రూ మీది అక్షరాల దగ్గర. జర్మనీ, ఆస్ట్రియా పిస్టళ్ల మీద ఆర్ అంటే కుడి, ఎల్ అంటే ఎడమ, హెచ్ అంటే పైకి, టి అంటే కిందికి. అయితే కొన్నింటిలో ఆ అక్షరానికి "గుండ్లు అటు పోతుంటే ఇటు తిప్పు" అని అర్థం. మీ పిస్టల్ పుస్తకం తెరిచి చూడండి, లేదా రెండు క్లిక్కులు తిప్పి ఐదు గుండ్లు కాల్చి చూసుకోండి. ఎప్పుడూ ఐదింటి గుంపు నడిమధ్యను చూసి జరపండి, తప్పిపోయిన ఒక్క గుండును చూసి కాదు. గుంపే చెదిరిపోయి ఉంటే, సైట్ కూడా గట్టిగా ఉంటే, తప్పు చేతిలోనో ట్రిగ్గర్ లాగడంలోనో ఉంది, ఆ రోజు స్క్రూ ముట్టుకోకండి.

మే నెల బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 27 డిగ్రీల దగ్గర 200 బార్‌కు నింపిన సిలిండర్‌ను కారు డిక్కీలో వదిలేసి, అక్కడ వేడి 60 డిగ్రీలకు చేరితే ప్రెషర్ 222 బార్ దాకా పోతుంది. డిక్కీలో వదలొద్దు. సిలిండర్ మీద తయారైన తేదీ కూడా చూసుకోండి, పదేళ్లు దాటినదాన్ని పోటీల్లో ఒప్పుకోరు.

గుంటూరు నుంచి బస్సులో వచ్చేవాళ్లు దిగగానే ఆ నెయిల్ పాలిష్ గీత చూసుకోండి, దారి కుదుపులకు స్క్రూలు వదులవుతాయి. పిస్టల్ పెట్టెకు తాళం వేసే ఉంచండి, బస్టాండులో ఎవరైనా అడిగినా బయటికి తీయకండి, చూసేవాళ్లకు అది నిజం తుపాకీలాగే కనిపిస్తుంది. క్లబ్ కార్డు జేబులో ఉండాలి.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్, పోటీ మధ్యలో పాడైంది. దాన్ని బాగుచేయించుకునేసరికి విలువైన సమయం పోయి, 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెది సైట్ సమస్య కాదు, కానీ లైన్ మీద నిలబడ్డాక పిస్టల్‌కి ఏమైనా గడియారం మన కోసం ఆగదు, అందుకే ఇదంతా ముందు రోజే చూసుకోమంటున్నాను.

చివరి పని, సైట్‌ను పూర్తిగా కిందికి దించి అక్కడి నుంచి మీ సరైన చోటుకి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి డైరీలో రాసుకోండి, పక్కకూ అంతే. పోటీ హాల్లో లైట్లు వేరుగా ఉంటాయి కాబట్టి రెండు మూడు క్లిక్కులు మారొచ్చు, ఆ మార్పు కూడా తేదీతో రాయండి. అలెన్ కీ, నెయిల్ పాలిష్ సీసా పెట్టెలోనే పెట్టుకోండి.