తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు, బిడ్డ ఇంటిపేరు మార్చాలి: దరఖాస్తు ఎలా?

ఇంటిపేరు మార్చాలనగానే చాలామంది ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్తారు. అక్కడ అడిగేది బర్త్ సర్టిఫికెట్. కాబట్టి మొదలుపెట్టాల్సింది దాంతోనే. పైగా 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్ నుంచి పాస్‌పోర్ట్ దాకా పుట్టిన తేదీకి రుజువు అదే.

సంతకం ఎవరిది?

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) సెక్షన్ 6 ప్రకారం పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి. తండ్రి ఆమె తర్వాతే. కానీ కౌంటర్ దగ్గర "బాబు వాళ్ల నాన్నను తీసుకురామ్మా" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. కంగారు పడకండి. పెళ్లి కాని తల్లి బర్త్ సర్టిఫికెట్ అడిగితే ఆమె ఇచ్చే అఫిడవిట్ (ప్రమాణ పత్రం) చాలని, తండ్రి ఎవరో చెప్పమని బలవంతం చేయకూడదని సుప్రీంకోర్టు 2015 జులై 6న తీర్పిచ్చింది. ఆ కేసులో తల్లి క్రైస్తవురాలు. అంటే ఈ వెసులుబాటు హిందువులకు మాత్రమే కాదు. ఆ తీర్పు జెరాక్స్ ఒకటి ఫైల్లో పెట్టుకోండి, వాదన తగ్గుతుంది.

రిజిస్టర్లో పేరు ఇంకా రాయించకపోతే

ఇదే అన్నిటికన్నా సులువు. జననం నమోదై పేరు గడి ఖాళీగా ఉంటే ఏడాదిలోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుము కట్టాలి. మీకు కావలసిన ఇంటిపేరుతోనే రాయించండి. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్నంలో మున్సిపాలిటీ చూస్తారు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయాల్లో దరఖాస్తు ఇవ్వవచ్చు.

ఒక్క జాగ్రత్త. తండ్రి గడి ఖాళీగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారో అని కొందరు అందులో తాతయ్య పేరు రాయిస్తారు. ఆ పని మాత్రం చేయొద్దు. అది తప్పుడు నమోదు, రేపు దాన్ని సరిచేయించడం అసలు పని కన్నా పెద్ద తలనొప్పి.

ఇప్పటికే వేరే ఇంటిపేరు ఉంటే

జనన మరణాల నమోదు చట్టం (1969) సెక్షన్ 15 కింద జనన మరణాల రిజిస్ట్రార్‌కు, అంటే పైన చెప్పిన పంచాయతీ కార్యదర్శికి లేదా మున్సిపాలిటీలో, దరఖాస్తు పెట్టాలి. పాత అక్షరాలను కొట్టేయరు. పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి, సంతకం పెడతారు. అయితే ఈ సెక్షన్ తప్పుగా పడిన నమోదులను సరిదిద్దడానికి ఉద్దేశించింది. "ఇప్పుడు మనసు మారింది" అంటే రిజిస్ట్రార్ ఒప్పుకోకపోవచ్చు. అందుకే అఫిడవిట్‌లో కారణం స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు: "నేను అవివాహితను. బిడ్డ పుట్టినప్పటి నుంచి నా సంరక్షణలోనే ఉంది. తండ్రి ఇంటిపేరు నా అనుమతి లేకుండా నమోదైంది. నా ఇంటిపేరుతో సవరించగలరు." జరిగింది జరిగినట్టే రాయండి, ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అది. నోటరీ చేయించి, మీ గుర్తింపు కార్డు, పాత సర్టిఫికెట్ జత చేయండి.

ఇద్దరూ కలిసి ఉంటూ తండ్రి ఇంటిపేరు పెట్టాలనుకుంటే ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వడం మేలు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, నోటిమాటతో వెనక్కి రావద్దు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే ఆధారం. తండ్రి అభ్యంతరం చెప్పినా దారి కోర్టే.

2022 జులైలో సుప్రీంకోర్టు ముందుకు మన తెలుగు కుటుంబం కేసే ఒకటి వచ్చింది. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టింది. పాత ఇంటిపేరే పెట్టాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని చెప్పింది. ఆ కేసులో పెళ్లి ఉంది, కాబట్టి మీ సంగతికి అచ్చంగా సరిపోదు. అయినా మీ లాయర్‌కు పనికొస్తుంది.

తర్వాత మిగతావి

సవరించిన సర్టిఫికెట్ వచ్చాక ఆధార్. అందులో పేరు జీవితంలో రెండుసార్లే మారుతుంది, అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. స్కూల్లో పని పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) వెళ్లేలోపే పూర్తి చేయండి. మెమోలో పేరు అచ్చయ్యాక తిరగాల్సిన ఆఫీసులు ఎక్కువ. పాస్‌పోర్ట్‌కు టెన్షన్ అక్కర్లేదు, 2016 డిసెంబర్‌లో మార్చిన నిబంధనల ప్రకారం తల్లి పేరు ఒక్కటే ఇచ్చినా చాలు. అక్కడ ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. పొడి అక్షరం కాకుండా పూర్తిగా, సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయండి.