ఫ్రెంచ్‌లో 'మెయ్యర్', 'మ్యో' తేడా ఎలా పట్టుకోవాలి?

తెలుగులో పోల్చడానికి 'కంటే', 'కన్నా' చాలు. ఫ్రెంచ్‌లో ఆ పని 'క' చేస్తుంది. అది తేలికే. చిక్కంతా దాని ముందు ఏ మాట రావాలన్నదే. కింద అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి.

1. ముందు 'మంచి', 'బాగా' విడదీయండి. మంచికి 'బోఁ', బాగాకి 'బ్యాఁ'. పోల్చేటప్పుడు బోఁ కాస్తా 'మెయ్యర్' అవుతుంది, బ్యాఁ 'మ్యో' అవుతుంది. 'ఎక్కువ' అనే 'ప్లు' చేర్చి 'ప్లు బోఁ' అనకండి. 'అంత మంచిది కాదు' అనడానికి మాత్రం 'మ్వాఁ బోఁ' నిక్షేపంగా అనొచ్చు.

2. వాక్యంలో పని ఉందా, వస్తువు ఉందా చూడండి. 'ఆమె నాకంటే బాగా పాడుతుంది': పాడటం పని, కాబట్టి 'ఎల్ షాఁత్ మ్యో క మ్వా'.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది కాఫీ దగ్గర. 'ఈ కాఫీ దానికంటే బాగుంది' అంటాం కదా, ఆ 'బాగు' విని నోటికి 'మ్యో' వచ్చేస్తుంది. అక్కడ చెబుతున్నది రుచి, అంటే కాఫీ గుణం. దాన్ని 'మంచి కాఫీ' అని మార్చి చూసుకోండి, సరైన మాట దొరుకుతుంది: 'స కఫే ఎ మెయ్యర్ క లోత్ర్'. అదే ఒక పరిస్థితి గురించి 'ఇలాగే నయం' అనాలంటే 'సె మ్యో కొమ్ సా'.

రాసేటప్పుడు మెయ్యర్ లింగవచనాలను బట్టి నాలుగు రూపాలు తీసుకుంటుంది, పలకడం మాత్రం ఒకటే. మ్యో ఎప్పుడూ మారదు.

3. సమానమని చెప్పాలంటే 'అంత' తర్వాత ఏముందో చూడండి. 'మారీ పోల్ అంత పొడుగు': గుణం, కాబట్టి 'ఓసి'. 'పోల్ మారీ అంత చదువుతాడు': క్రియ, కాబట్టి 'ఓతాఁ'. పుస్తకాల లెక్కయితే 'ఓతాఁ ద లీవ్ర్'.

4. రాతలో 'ప్లు' చివర ఉండే 'స్' మీద చెవి పెట్టండి. 'ప్లు గ్రాఁ' (ఎక్కువ పొడుగు) అన్నప్పుడు అది వినపడదు. అచ్చు ముందు 'జ్' అవుతుంది: 'ప్లుజ్ ఎలెగాఁ' (ఎక్కువ సొగసు). భోజనం దగ్గర ఇది మరీ ముఖ్యం. మాటల్లో 'జాఁ వో ప్లూస్' అంటే ఇంకా కావాలని, 'జాఁ వో ప్లు' అంటే ఇక వద్దని. ఆ ఒక్క 'స్' మింగేస్తే వడ్డించేవాళ్ళు గిన్నె తీసేస్తారు.