కూచిపూడి ప్రదర్శన మీద సమీక్ష రాయబోతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

• కథ ముందే చదువుకుని వెళ్లండి. భామాకలాపం అయితే సత్యభామ ప్రవేశ దరువు (పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట), జడ ఘట్టం, చెలికత్తె మాధవితో మాటలు, కృష్ణుడికి లేఖ గురించి తెలిసి ఉండాలి. అప్పుడే ఏ ఘట్టం కుదించారో, దేన్ని పెంచారో పట్టుకోగలరు.

• సత్యభామగా పురుషుడు వస్తే దాన్ని వింతగా రాయకండి. స్త్రీ వేషం ఈ కళలో పాత సంప్రదాయం. వేదాంతం సత్యనారాయణ శర్మగారికి దేశమంతా పేరొచ్చింది ఆ వేషాలతోనే.

• సీటు చూసుకోండి. వేదిక ఎత్తుగా ఉంటే మొదటి వరుసలో పాదాలు కనపడవు. తరంగం (ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి చేసే నాట్యం) ఉన్న రోజు ఐదారు వరుసలు వెనక్కి కూర్చోవడమే మేలు. ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లు ఎలా పట్టుకున్నాయో, మడమ ఎప్పుడు లేచిందో అక్కడి నుంచి బాగా తెలుస్తుంది.

• తప్పు కనిపిస్తే కారణం కనుక్కున్నాకే రాయండి. ఒకసారి పళ్లెం మీద నర్తకి తడబడిందని రాసేశాను. వేదిక చెక్కల సందులో పళ్లెం అంచు ఇరుక్కుందని మర్నాడు తెలిసింది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

• నట్టువాంగం (తాళాలతో నాట్యానికి లయ నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్ కళాకారుల పేర్లు కరపత్రం చూసి రాసుకోండి. సమీక్షల్లో ఎక్కువగా అన్యాయం జరిగేది వీళ్లకే.

• ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. నోట్స్‌కి చిన్న పుస్తకం, పెన్ను చాలు. చీకట్లో స్క్రీన్ వెలుగు పక్కవాళ్లకు ఇబ్బంది.