చూజ్, చోజ్, చోజన్: తడబడకుండా వాడడం ఎలా

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లను ఇంటర్వ్యూలో తరచూ అడిగే ప్రశ్న: ‘వై డిడ్ యు చూజ్ దిస్ రోల్?’ అంటే ఈ ఉద్యోగం ఎందుకు ఎంచుకున్నారని. చెప్పాల్సిన విషయం సిద్ధంగానే ఉంటుంది, కానీ మొదటి క్రియ దగ్గరే కాలు జారుతుంది: ‘ఐ చూజ్ దిస్ రోల్ బికాజ్...’ ప్రశ్నలో విన్న మాటనే తిరిగి అప్పజెప్పడం వల్ల వచ్చే తప్పు ఇది. ప్రశ్నలో ‘డిడ్’ ఉంది, జరిగిపోయిన సంగతి అని అదే చెప్పేసింది. అందుకే దాని వెనక చూజ్ మారలేదు. జవాబులో డిడ్ లేదు కాబట్టి ఆ పని క్రియే చెయ్యాలి: ‘ఐ చోజ్ దిస్ రోల్.’ కాదు అని చెప్పేటప్పుడు డిడ్ మళ్లీ వస్తుంది, చూజ్ కూడా వెనక్కి వస్తుంది: ‘ఐ డిడ్ నాట్ చూజ్ ఇట్ ఫర్ ద శాలరీ.’ నోరు తెరిచే ముందు డిడ్ ఉందా లేదా అని చూసుకుంటే చాలు.

హ్యావ్, హ్యాజ్, వాజ్ ముందుంటే చోజన్. ‘ఐ హ్యావ్ చోజన్ ద సెకండ్ ఫ్లోర్ రూమ్’ అంటే ఎంచుకున్నాను, అది ఖాయం. నిన్న, పోయిన ఏడాది అని ఎప్పుడో చెబితే మాత్రం హ్యావ్ తీసేయాలి: ‘ఐ చోజ్ ఇట్ లాస్ట్ ఇయర్.’ ‘ఐ వాజ్ చోజన్ ఫర్ ద ప్రాజెక్ట్’ అంటే నన్ను తీసుకున్నారని. ‘చూజ్డ్’ అనే రూపం అసలు లేదు.

రాతలో చూజ్‌కి రెండు ఓలు, చోజ్‌కి ఒకటే. మెయిల్‌లో ఇవి తారుమారైతే స్పెల్ చెక్ ఊరుకోవచ్చు, రెండూ సరైన మాటలే కదా.

పలకడంలో రెండు చిక్కులున్నాయి. మన చ రెండు రకాలు: ‘చీమ’లోది ఒకటి, ‘చుక్క’లోది ఇంకొకటి. తర్వాత ఊ, ఓ ఉంటే నాలుక అలవాటు కొద్దీ ‘చుక్క’ చ వైపు లాగుతుంది. ఇక్కడ కావాల్సింది చీమ చ. చివరి శబ్దం మన జ కూడా కాదు. ‘స్స్’ అని సాగదీస్తూ, మధ్యలో ఆపకుండా గొంతు కలపండి. కంఠం మీద వేలు పెడితే అదిరినట్టు తెలియాలి. చాయిస్ చివర మాత్రం మామూలు స, అక్కడ అదరకూడదు.

తర్వాత ఏం రావాలన్నది ఇంకా ముఖ్యం. చూజ్ వెనక వస్తువు నేరుగా వస్తుంది. ‘ఐ చోజ్ ఫర్ ద మార్నింగ్ షిఫ్ట్’ అనడం ‘ఆప్ట్ ఫర్’ నుంచి అంటుకున్న అలవాటు, ఆ ఫర్ తీసేయండి. రెండింటి మధ్య అయితే బిట్వీన్, దాని జత ఆండ్, టు కాదు: ‘చూజ్ బిట్వీన్ ద మెట్రో ఆండ్ ద బస్.’ జాబితాలోంచి అయితే ఫ్రమ్. ఒకదాన్ని కాదని ఇంకోటి తీసుకుంటే ఓవర్: ‘ఐ చోజ్ ద యెల్లో లైన్ ఓవర్ ద బస్.’ (యెల్లో లైన్ అంటే బెంగళూరు మెట్రోలో ఒక మార్గం.) ఇక్కడ ‘దాన్’ వాడితే తప్పు.

చూజ్ తర్వాత టు పెడితే తెలిసి, కావాలనే చేశానన్న అర్థం బలంగా వస్తుంది. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే ‘ఐ చోజ్ టు లీవ్’ అనడం ఒట్టి ‘ఐ లెఫ్ట్’ కంటే నయం, ఎవరూ పంపించలేదని అందులోనే తెలిసిపోతుంది. వద్దనుకున్నదానికి నాట్ ముందు, టు తర్వాత: ‘ఐ చోజ్ నాట్ టు రెన్యూ ద కాంట్రాక్ట్.’

డిసైడ్‌తో కలపకండి. ముందున్నవాటిలో ఒకటి ఎంచుకోవడం చూజ్, ఏం చెయ్యాలో తేల్చుకోవడం డిసైడ్. ‘ఐ డిసైడెడ్ టు మూవ్, దెన్ ఐ చోజ్ ఎ పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి) ఇన్ మారతహళ్లి’ అంటే రెండూ వాటి వాటి చోట ఉన్నట్టు. సెలెక్ట్ కాస్త ఆఫీసు మాట, పిక్ స్నేహితుల మధ్య మాట.

సాధనకి ఆ యెల్లో లైన్‌లో ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర వెళ్లే రైలు ప్రయాణం సరిపోతుంది. ఈ రోజు తీసుకున్న ఒక నిర్ణయాన్ని నాలుగు వాక్యాలుగా మార్చండి: చోజ్‌తో ఒకటి, డిడ్ నాట్ చూజ్‌తో ఒకటి, హ్యావ్ చోజన్‌తో ఒకటి, ఓవర్‌తో ఒకటి. మనసులో అనుకుంటే చాలదు, పెదవులు కదపాలి. చూజ్‌కి పెదవులు బాగా ముందుకొచ్చి బిగుస్తాయి, చోజ్‌కి కాస్త గుండ్రంగా తెరుచుకుంటాయి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఏది ఏదో మీకే తెలియాలి. తెలియకపోతే ఆ రెండు మాటలే పక్కపక్కన పెట్టి మళ్లీ పలకండి.