రోబో కథకి ఒక్క తిక్క చాలు
పిల్లలకి రోబో కథ చెప్పాలంటే దానికి లేజర్లూ రెక్కలూ తగిలించకండి, ఒకే ఒక్క తిక్క పెట్టండి, ఏ మాటన్నా ఉన్నదున్నట్టే అర్థం చేసుకోవడం. "నా బుర్ర తినకు" అని పిల్లాడు విసుక్కుంటే, "నేను కరెంటు తప్ప ఏమీ తినను కదా" అని నొచ్చుకుని మూల కూర్చుంటుంది. "చెవులు రిక్కించి విను" అంటే స్క్రూడ్రైవర్ తెచ్చుకుంటుంది. సరిగ్గా అక్కడ ఆపి, తర్వాత ఏం చేసుంటుందో వాళ్లనే అడగండి. మిగతాది వాళ్లే అల్లేస్తారు. అన్నట్టు రోబో అనే మాట 1920లో, వెట్టిచాకిరీ అని అర్థమున్న చెక్ పదం నుంచి పుట్టింది, అందుకే హోంవర్క్ చేసిపెట్టమంటే మా రోబో అలుగుతుంది. మర్నాడు తిక్క మార్చారో, "నిన్న అలా లేదుగా" అని వెంటనే పట్టేస్తారు.