ఫోమ్ కవచం మొదలుపెట్టే ముందు: జిగురు, వేడి, తొడిగే రోజు జాగ్రత్తలు

కామిక్స్, సినిమా పాత్రల అభిమానులు వేషాలు వేసుకుని కలిసే హైదరాబాద్ కామిక్ కాన్ ఇటీవలి ఏళ్లలో దసరా దాటాకే జరుగుతోంది. అది జరిగే హైటెక్స్ ప్రదర్శనశాలకి ఫోమ్‌తో సొంతంగా చేసుకున్న సూపర్‌హీరో వేషంలో వెళ్లాలనుకునేవాళ్లు పనిలో మునిగేది కాబట్టి వానాకాలంలోనే. బయట వాన, లోపల కిటికీలు మూసిన గది, పక్కనే మూత తీసిన జిగురు డబ్బా. ఈ పనిలో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. కట్టర్‌తో వేలు తెగితే రక్తం కనిపిస్తుంది, చేతిలో పని వెంటనే ఆపేస్తాం. జిగురు ఆవిరి కంటికి కనబడదు. తల దిమ్ముగా ఉంటే నిద్ర చాలలేదేమో అనుకుని పని సాగిస్తూనే ఉంటాం.

కవచానికి వాడే ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగుల్లో ఉండే మెత్తటి రబ్బరులాంటి షీటు) అతకడానికి వాడేది చెప్పుల పనివాళ్లు, ఫర్నిచర్ పనివాళ్లు వాడే సింథటిక్ రబ్బరు జిగురే. దాన్ని పల్చగా ఉంచే ద్రావకం చాలా త్వరగా ఆవిరవుతుంది, చాలా తేలిగ్గా అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంబడి పాకుతూ పక్క గదిదాకా పోగలదు. మన ఇళ్లలో సాయంత్రం పూజగదిలో దీపం వెలుగుతుంది, వంటింట్లో స్టవ్ వెలుగుతుంది, మూలన దోమల చుట్ట కాలుతుంటుంది. జిగురు పని పెట్టుకున్న పూట ఇవేవీ వెలగకూడదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ధైర్యం వద్దు. అది ఆవిరిని గదంతా తిప్పుతుందే గాని బయటికి పంపదు.

అందుకే జిగురు పని డాబా మీదో, తెరిచిన బాల్కనీలోనో చేయండి. పెద్ద డబ్బా ముందు పెట్టుకోకుండా చిన్న స్టీలు గిన్నెలోకి కొంచెం వంపుకుని, డబ్బా మూత గట్టిగా బిగించండి. రెండు ముక్కలకీ జిగురు పూశాక, చేతికి అంటనంత ఆరడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ద్రావకమంతా గాల్లో కలిసేది ఆ కాసేపట్లోనే. ముక్కలను అక్కడే వదిలేసి మీరు దూరంగా రండి. వాన పడుతుంటే ఆ రోజు డబ్బా తెరవకండి. గాల్లో తేమ ఎక్కువైతే జిగురు పొర మీద చెమ్మ చేరి అతుకు కూడా గట్టిగా పట్టదు. ఆ రోజుకి పేపర్ నమూనాలు గీసుకోండి, ముక్కలు కోసుకోండి.

మాస్క్ విషయంలో చాలామంది పొరబడతారు. ఎన్95 దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఫోమ్‌ను అరగదీసేటప్పుడు అది చాలు. జిగురుకీ స్ప్రే పెయింట్‌కీ మాత్రం ద్రావకాల ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న సగం ముఖం మాస్క్ కావాలి, స్ప్రే పెయింట్‌కైతే తుంపరను ఆపే ఫిల్టర్ కూడా ఉండాలి. గడ్డం ఉంటే అది ముఖానికి సరిగ్గా అతకదు, సందుల్లోంచి గాలి వచ్చేస్తుంది. మాస్క్ పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే కాట్రిడ్జ్ పని అయిపోయినట్టు, లేదా మాస్క్ సరిగ్గా అతకనట్టు. వాడనప్పుడు జిప్ కవర్లో పెట్టి మూయండి, బయట ఉంచితే ఊరికే గాలిని పీల్చుకుని పాడైపోతుంది. డబ్బులు సరిపోకపోతే పెయింట్‌కి పెట్టే ఖర్చు తగ్గించుకోండి, మాస్క్ మాత్రం కొనండి.

వేడిగాలి ఊదే హీట్ గన్ సంగతి. ముందు ఫోమ్‌ను వేడి చేసి వంపు తెచ్చుకోండి, తర్వాతే జిగురు. తడి జిగురు మీద హీట్ గన్ పెడితే మంట లేవడానికి ఆస్కారం ఉంది. ఫోమ్ పైపొర కొంచెం నిగనిగలాడితే చాలు, వేడి సరిపోయింది. పొగ వచ్చినా, వెనిగర్ లాంటి ఘాటు తగిలినా ఫోమ్ కాలిపోతోందని అర్థం. గన్ దూరం జరిపి, బయటి గాలిలోకి వెళ్లండి. స్విచ్ ఆపాక కూడా మూతి చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మూతి పైకి ఉండేలా నిలబెట్టి, పిల్లలకు అందనిచోట చల్లారనివ్వండి. సన్‌బోర్డు పేరుతో అమ్మేది చాలావరకు పీవీసీ ఫోమ్. దాన్ని కాల్చినా, లేజర్‌తో కోసినా హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. దాన్ని కట్టర్‌తో కోసుకోవడమే మంచిది.

కాలితే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏవీ వద్దు. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదో కీలు మీదో కాలినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చాలామందికి తెలియని ఇంకో ప్రమాదం ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగురు. అది నూలు బట్ట మీద ఒలికితే క్షణాల్లో విపరీతంగా వేడెక్కి, బట్ట కిందున్న చర్మాన్ని కాల్చేస్తుంది, పొగ కూడా రావచ్చు. ఈ జిగురుతో పని చేసేటప్పుడు నూలు చేతి తొడుగులు వేసుకోకండి, ఒళ్లో పెట్టుకుని అతికించకండి. వేళ్లు అంటుకుపోతే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి.

థర్మోకోల్ మీద మామూలు స్ప్రే పెయింట్ కొడితే కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ పూత వేయాలి. ఫైబర్ గ్లాస్, రెజిన్ (కలిపాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పని మొదటిసారి చేసేవాళ్లకు వద్దంటాను. పాలియెస్టర్ రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌నీ, ఆ పని వేగం పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలిపోవచ్చు. తప్పనిసరైతే ఆ పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి.

కట్టర్ గురించి చెప్పాల్సింది కొంచెమే. ఫోమ్ బ్లేడును త్వరగా మొద్దు చేస్తుంది. మొద్దు బ్లేడు లాగుతుంది, జారుతుంది, తెగేది అప్పుడే. అడ్డంకి రాగానే కొన తుంచి కొత్త మొన వాడండి. తుంచిన ముక్కలు మూత ఉన్న డబ్బాలో వేయండి, చెత్త తీసేవాళ్ల చేతులు తెగకూడదు.

ఛాతీలో, కళ్లలో ఎల్ఈడీలు పెట్టేవాళ్లు విడి లిథియం సెల్స్ బదులు మంచి పవర్ బ్యాంక్ వాడండి. ఫోమ్ వేడిని బయటికి పోనివ్వదు, కాబట్టి బ్యాటరీని ఒంటికి ఆనించి ఫోమ్ లోపల మూసేయకండి. నడుము దగ్గర బయటి జేబులో ఉండి, ఒక్క లాగుతో ఊడొచ్చేలా చూసుకోండి. వైర్లకు టంకం వేసిన ప్రతి చోటా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకపోతే చెమటకు తడుస్తుంది.

కనీసం వారం ముందు మొత్తం వేషం వేసుకుని గంటసేపు ఇంట్లో తిరగండి. మెట్లు దిగండి, కూర్చోండి, నీళ్లు తాగండి. హెల్మెట్లో పక్కలు కనబడవు, పాదాలు కనబడవు. చిన్న 5 వోల్టుల ఫ్యాన్ పెడితే ఊపిరి ఆవిరికి కంటి ముందున్న పలక మసకబారదు. కంటి దగ్గర గాజు వద్దు, పలచటి యాక్రిలిక్ చాలు. తల తిరిగినా, వాంతి వచ్చినా హెల్మెట్ ఎంతసేపట్లో తీయగలరో చూసుకోండి. నిమిషం దాటితే పట్టీలు మార్చాలి. బొత్తాలకన్నా వెల్‌క్రో, క్లిప్పులు నయం. కేప్ ఉంటే ఎస్కలేటర్ దగ్గర చుట్టి చేత్తో పట్టుకోండి. ఆ రోజు వేషం లేని స్నేహితుణ్ణి ఒకర్ని తోడు తీసుకెళ్లండి. నీళ్లసీసా, చిన్న జిగురు ట్యూబు, ఫోన్ అన్నీ తన దగ్గరే ఉండాలి.

రంగు కాంటాక్ట్ లెన్సులు కంటి డాక్టరు చూడకుండా పెట్టుకోవద్దు, ఒకరివి ఒకరు అసలే పెట్టుకోవద్దు. బొమ్మలు వేసే యాక్రిలిక్ రంగులు ముఖానికి పనికిరావు. చర్మానికి తయారైన రంగునైనా ముందు రోజే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి.

కత్తి, తుపాకీ ఆకారాలు చేసేవాళ్లు ఈవెంట్ నియమాలు పని మొదలుపెట్టే ముందే చదవండి. లోహం వాడొద్దు, మొనలు గుండ్రంగా ఉంచండి. తుపాకీ బొమ్మ మూతికి ముదురు నారింజ రంగు వేసి, దారంతా సంచిలో మూసే తీసుకెళ్లండి. మెట్రో తనిఖీ దగ్గర సంచి తెరవకముందే అదేమిటో చెప్పండి, చెప్పాకే బయటికి తీయండి.