రిలీజ్ అయిన డ్రాయింగ్‌ని ఎవరూ కదపకుండా చేసిన విధం

డిజైన్ ఫైళ్లను భద్రపరిచే మా సాలిడ్‌వర్క్స్ పీడీఎం వాల్ట్‌లో రిలీజ్ అయిన (ఆమోదం పొందిన) డ్రాయింగ్‌లను షాప్‌ఫ్లోర్ (తయారీ విభాగం) వాళ్లు చెకౌట్ చేసేస్తున్నారు, అంటే మార్చడానికి తీసేసుకుంటున్నారు. వాళ్ల గ్రూప్‌కి చదివే హక్కు మాత్రమే ఉంది, అయినా ఆగలేదు. ఒక్కో యూజర్‌ని తెరిచి చూస్తే సంగతి బయటపడింది: ఎప్పటిదో పాత గ్రూప్‌లో కూడా వాళ్ల పేర్లున్నాయి. గ్రూప్‌ల హక్కులన్నీ కలిసి లెక్కలోకి వస్తాయి కదా! ఆ పేర్లు తీసేశాను.

ఏ పని చేయాలన్నా ఫోల్డర్ హక్కులతో పాటు వర్క్‌ఫ్లో స్టేట్ (ఫైల్ ఉన్న దశ) హక్కులు కూడా ఒప్పుకోవాలి కాబట్టి, ‘రిలీజ్డ్’ స్టేట్‌లో అందరికీ చదవడం ఒక్కటే ఉంచాను. ఫైల్‌ని ఆ స్టేట్ నుంచి వెనక్కి తెచ్చే ట్రాన్సిషన్ (దశ మార్పు) హక్కు డిజైనర్లకే.

నా దృష్టిలో అసలైన మందు వర్కింగ్ వెర్షన్లు (ఇంకా పనిలో ఉన్నవి) చూపించే పర్మిషన్. షాప్‌ఫ్లోర్ గ్రూప్‌కి అది తీసేస్తే రివిజన్ గుర్తు పడిన వెర్షన్లే కనిపిస్తాయి. సగం మార్చిన కొలతతో మెటీరియల్ కోసేస్తారన్న టెన్షన్ పోతుంది. మార్పులు చేశాక యూజర్లను ఒకసారి లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వమనండి.